చూడాలె, చూడలె

మా పాప పాలసీసాను నేను చూడకుండా ఎవరూ దాని నోటికి పెట్టకూడదు. సీసాను మెడ దగ్గర పట్టుకుని, మెల్లగా ఒక చుట్టు తిప్పి, ముందు నా నల్ల చున్నీకి ఎదురుగా, తర్వాత తెల్ల గోడకు ఎదురుగా పెట్టి చూస్తాను. పాలలో ఏమీ కనిపించదని నాకు తెలుసు. అయినా చూస్తాను. మా అత్తమ్మ మొదట్లో నవ్వేది, ఇప్పుడు విసుక్కుంటుంది.

"పాలు తెల్లగనే ఉండె, గోడ తెల్లగనే ఉండె, ఏం గనవడతదని సూస్తున్నవే? నువ్వు సూసుడు అయ్యేసరికి పిల్లకు పండ్లొస్తయి."

ఈ చూపు నాకు ఉద్యోగంలో పట్టుకుంది. ఇస్నాపూర్‌లో మేముండే కిరాయి గదుల నుంచి కంపెనీ బస్సులో పావుగంట దూరంలో, ఇంజెక్షన్ మందులు నింపే ఫ్యాక్టరీ ఉంది. డిగ్రీలో కెమిస్ట్రీ చదివానని నన్ను తనిఖీ గదిలో కూర్చోబెట్టారు. చిన్న గాజు సీసాల్లో మందు నింపి మూత బిగించాక, ఒక్కొక్కదాన్నీ మనిషి కంటితో చూడాలి. ఎదురుగా సగం నల్లబోర్డు, సగం తెల్లబోర్డు, పైన లైటు. నల్లదాని ముందు నూలుపోగులు, గాజురజను కనిపిస్తాయి. తెల్లదాని ముందు నల్లటి నలుసులు కనిపిస్తాయి. సీసాను తిప్పి చటుక్కున ఆపితే లోపల మందు ఇంకా తిరుగుతూ ఉంటుంది, నలుసు ఉంటే అదీ తిరుగుతుంది. ఆ ఒక్క క్షణంలోనే పట్టుకోవాలి. ఆర్నెల్లకోసారి డాక్టరు వచ్చి మా కళ్లను పరీక్షించేవాడు. ఏసీ గది, కుర్చీ, తెల్లకోటు. చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లకు అక్కడ కూర్చోవడమంటే మాటలు కాదు.

చూడటానికి మనకు ఎన్ని మాటలున్నాయో, ఒక్కోదాని వెనక ఎటువంటి మనిషి నిలబడి ఉంటాడో ఆ కుర్చీలోనే ఆలోచించేదాన్ని. తనిఖీ అంటే పైనుంచి ఎవరో రావాలి, కిందివాళ్లు లేచి నిలబడాలి. సోదా అంటే పెట్టెలు బోర్లా పడతాయి. ఆరా తీసేది పెళ్లి సంబంధం ఖాయం చేసుకునే ముందు, పక్కింటివాళ్ల దగ్గర. పరీక్ష అంటే ఈ వయసులో కూడా నాకు భయమే. మా అమ్మ బియ్యం చేటలో పోసుకుని రాళ్లేరేటప్పుడు మాత్రం వేరే మాట అనేది: పరకాయించి సూడు. అందులో హోదా లేదు, భయం లేదు. తినేవాళ్ల పంటికింద రాయి పడకూడదన్న పట్టింపు ఒక్కటే ఉంది. నేను సీసాలను పరకాయించి చూసేదాన్ని. నాలుగేళ్లలో ఎవరిచేతా మాట పడలేదు.

నన్ను ఆ కుర్చీలోంచి లేపింది కూడా ఒక మాటే. సరిగ్గా చెప్పాలంటే, ఒక దీర్ఘం.

పాపకు ఏడో నెల నడుస్తుండగా తిరిగి డ్యూటీలో చేరాను. తనిఖీ గదికీ పక్కనున్న ప్యాకింగ్ హాలుకూ ఒకే సూపర్‌వైజరు. వాళ్ల నాన్న కోస్తా నుంచి ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చి స్థిరపడ్డాడు. ఈయన పుట్టిందీ, చదివిందీ, గల్లీలో క్రికెట్ ఆడిందీ అంతా పటాన్‌చెరులోనే. ఇంట్లో అలవాటైన మాటతోనే మాట్లాడతాడు గానీ, మా మాట ఆయనకు తెలియదనుకోవద్దు. కోపమొస్తే మా యాసలో మాకంటే బాగా తిట్టేవాడు.

ఒక రోజు షిఫ్టు ముగిసే వేళ, పదకొండో ట్రేలోని ఒక సీసాలో ఏదో మెరిసింది. మళ్లీ తిప్పాను, లేదు. ఇంకోసారి తిప్పితే ఉన్నట్టే ఉంది. ఒక సీసాలో గాజురజను ఉందన్న అనుమానం వస్తే ఆ ట్రే మొత్తం మళ్లీ చూడాలి. అంతలో బెల్లు మోగింది. పొద్దున నేను బయల్దేరేటప్పుడు పాప ఒళ్లు వెచ్చగా ఉంది. బస్సు తప్పిపోతే ఇంకో గంట. కంపెనీ కాగితాలన్నీ ఇంగ్లీషులో ఉంటాయి గానీ, ఒక షిఫ్టువాళ్లు తర్వాతి షిఫ్టువాళ్లకు చెప్పాల్సినవి రాసుకునే నోటుబుక్కు ఒకటి ఉండేది. అందులో ఎవరికి చేతనైన మాటలో వాళ్లు రాసేవాళ్లం. "పదకొండో ట్రే మళ్ల చూడాలె" అని రాసి సంతకం పెట్టాను. అలా రాశాననే అనుకున్నాను. బయటికి పోతూ సూపర్‌వైజరుకు నోటితో కూడా చెప్పాను.

"సార్, పదకొండో ట్రేల ఏందో మెరుస్తున్నది. జెర మళ్ల చూపియ్యున్రి."

"సరేలేమ్మా, చూపిస్తాను. నువ్వెళ్లు, బస్సెళ్లిపోద్ది."

ఆయన చూపించలేదు. ట్రే లేబుళ్లకు పోయింది. కొద్ది రోజులకు, పెట్టెల్లో సర్దే ముందు మచ్చుకు తీసి చూసిన సీసాల్లో గాజురజను దొరికింది. సరుకు గేటు దాటలేదు, అంతవరకు నయం. మర్నాడు నన్ను హెచ్.ఆర్. గదిలోకి పిలిచారు. హెచ్.ఆర్. ఆఫీసరు, ఉత్తరాది నుంచి వచ్చిన క్వాలిటీ మేనేజరు, మా సూపర్‌వైజరు కూర్చుని ఉన్నారు. నేను నిలబడ్డాను. నోటుబుక్కు టేబుల్ మీద తెరిచి ఉంది.

నేను రాసింది "చూడలె".

మా దగ్గర "చూడాలె" అంటే ఇంకా చూడవలసి ఉందని. "చూడలె" అంటే చూడలేదని. రెంటికీ మధ్య ఉన్నది ఒక్క దీర్ఘం. సీసాలో వెంట్రుకలో సగం మందం పోగును పట్టుకునేదాన్ని, నా చేతి కింద జారిపోయిన దాన్ని చూసుకోలేదు.

"చదువుతాను, వినండి," అన్నాడు సూపర్‌వైజరు. "'పదకొండో ట్రే మళ్ల చూడలె.' చూడలేదని తన చేత్తో తనే రాసి సంతకం పెట్టిందండి. ఇంకేం కావాలి?"

"అది చూడాలె సార్. తొందరల దీర్ఘం పోయింది. మీకు నోటితోటి గూడ చెప్పిన కద!"

"నాకా? ఎప్పుడమ్మా?"

ఆయన ముఖంలో ఒక్క గీత కూడా కదలలేదు. నేనేమంటున్నానని మేనేజరు విసుగ్గా అడిగాడు, "క్యా బోల్ రహీ హై?"

"స్పెల్లింగ్ మిస్టేక్ బోల్ రహీ హై, సర్," అన్నాడు సూపర్‌వైజరు.

ముగ్గురూ నవ్వారు. నేను ఊరుకోలేదు. "చూడకుంటే చూడలె అని రాసి సంతకం పెట్టి పోతరా సార్ ఎవరన్న? చూడనోళ్లు చూసిన అనే రాస్తరు."

"చూశారా, ఎలా వాదిస్తోందో," అన్నాడు ఆయన, హెచ్.ఆర్. ఆఫీసరు వైపు తిరిగి.

మూడో రోజు మెమో ఇచ్చారు. నాకు అర్థం కావాలని తెలుగు కాపీ కూడా జత చేశారు. అందులో ఒక వాక్యం ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "ప్రసవానంతరం విధులపై ఏకాగ్రత లోపించినట్లు గమనించడమైనది." గమనించిందెవరు? ఆ వాక్యంలో మనిషి లేడు. మా ఊళ్లో ఎవరైనా "చూసిన" అంటే అందులో ఒక మనిషి ఉంటాడు, రేపు పోయి కాలర్ పట్టుకుని అడగొచ్చు. "గమనించడమైనది" అన్నదాంట్లో చేయి పెట్టి వెతికినా ఎవరూ దొరకరు. నా బిడ్డను కన్నందుకు నా కళ్లు పోయాయని, మనిషే లేని ఒక వాక్యం తీర్పు చెప్పింది. దాన్ని రాయించింది ఎవరో నాకు తెలుసు. ఆయన కూడా అదే గదిలో, అదే టేబుల్ ముందు, నిలబడాలి. నేను చూడాలి. ఆ రోజు నుంచి నాకు వేరే కోరిక లేదు. ఇంట్లో మా ఆయనతో ఈ మాటంటే, "వేరే కంపెనీల చూసుకుందాం తియ్యి," అన్నాడు. వేరే కంపెనీ కాదు నాకు కావాల్సింది. నా కుర్చీ.

నన్ను అట్టపెట్టెల షెడ్డుకు మార్చారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అట్టలు మలిచి పెట్టెలు చేయడం, టేపు వేయడం. అక్కడ లక్డారం నుంచి వచ్చే ఒక పెద్దమ్మ ఉండేది. ఇంతకుముందు నాట్లకు, కలుపుకు పోయేదట. చదువు రాదు. మొదటిరోజే నన్ను పైనుంచి కిందికి చూసింది.

"గింత సదువు సదివి డబ్బలు మలిసెతందుకు వచ్చినవా బిడ్డా? మీ అవ్వ ఫీజులు కట్టుడు దండుగ."

"తప్పు రాసిన పెద్దమ్మా."

"నాకు రాయనే రాదు. అందుకే ఇంతవరకు ఒక్క తప్పు రాయలే."

ఆ షెడ్డులో నేను నవ్వింది ఆ మాటకే కాదు, ఆమె అనే చాలా మాటలకు. తన డబ్బాలోని పచ్చిపులుసు నా అన్నం మీద అడక్కుండానే పోసేది. పాపకు జ్వరమొచ్చిన రోజుల్లో నా వాటా పెట్టెలు కూడా తనే మలిచి నన్ను పది నిమిషాలు ముందు పంపేది.

సెప్టెంబరులో ఒక నోటీసు పెట్టారు. నెలాఖరుకు బయటి నుంచి పెద్ద ఆడిట్ వస్తుందని, అందరూ శుభ్రంగా ఉండాలని. ఆ మధ్యాహ్నం నా టిఫిన్ సంచీ గోడకున్న కొక్కేనికి తగిలిస్తుంటే, పక్కనున్న ఎర్రటి నిప్పులార్పే సిలిండరు మీద చూపు పడింది. దాని మెడకు ఒక కార్డు వేలాడుతోంది. మాలాంటివాళ్లు చదువుకోవాలని తెలుగులో అచ్చు వేయించిన కార్డు. పైన "పరిశీలించడమైనది" అని ఉంది. కింద పన్నెండు నెలలకు పన్నెండు గళ్లు, గడికో సంతకం. అది సూపర్‌వైజరు సంతకం. అలవాటుగా పరకాయించి చూశాను. సెప్టెంబరు గడిలో సంతకం ఉంది. అక్టోబరులో ఉంది. నవంబరులో ఉంది. డిసెంబరులోనూ ఉంది. ఒకే పెన్ను, ఒకే వాలు. ఇంకా రాని నెలలను కూడా ఆయన పరిశీలించేశాడు. పైనున్న గుండ్రటి అద్దంలో ముల్లు ఎర్ర భాగంలోకి వాలిపోయి ఉంది. అంటే సిలిండరులో ఏమీ లేదు.

నాకు భయం వేయలేదు. సంచీని ఆ కార్డు కనిపించకుండా సర్ది తగిలించాను. అప్పుడే చెబితే ఆయన పరుగెత్తి కార్డు మార్చేస్తాడు, సిలిండరు మార్చేస్తాడు, నాకు థాంక్స్ కూడా చెబుతాడు. ఆడిట్‌కు పంతొమ్మిది రోజులుంది. ఆగాలనుకున్నాను.

మా షెడ్డు నిండా అట్ట, ప్లాస్టిక్ కాగితం. మూలన పెట్టెల కట్టలకు వేడితో ప్లాస్టిక్ చుట్టే మిషను. నేనో, పాప ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకునే మనిషిని. వంటగదిలో గ్యాసు కట్టేశానా లేదా అని సగం దారి నుంచి ఫోన్ చేసేదాన్ని. అట్లాంటిదాన్ని ఆ పంతొమ్మిది రోజులూ ఉత్త సిలిండరు పక్కన నా అన్నం సంచీ తగిలించాను.

పదో రోజో పదకొండో రోజో, ఆ మిషనులోంచి నల్లటి పొగ వచ్చింది. అందరం అరిచాం. పెద్దమ్మ ఒక్కతే ముందుకు ఉరికి ప్లగ్గు పీకి, తడి గోనె తెచ్చి మిషను మీద కప్పింది. పొగ ఆగిపోయింది. ఆమె చీర కొంగు కొంచెం కాలింది. నేను నిలబడ్డ చోటి నుంచి కదలలేదు. ఇగ చాలు, ఇప్పుడే చెప్పేద్దామని నోరు తెరిచాను. అప్పుడే సూపర్‌వైజరు వచ్చాడు. మిషను చూశాడు, నన్ను చూశాడు.

"ఏమ్మా, ఇదైనా చూశావా? లేక 'చూడలె'నా?"

వెనకున్నవాళ్లలో ఇద్దరు నవ్వారు. నేను నోరు మూసుకున్నాను. ఇంటికి పోయాక పాపను వదలకుండా గంటసేపు ఎత్తుకుని కూర్చున్నాను. అయినా మర్నాడు ఎవరికీ చెప్పలేదు.

ఆడిట్ రోజున సంచీలన్నీ తీసేయమన్నారు. నేను నాది అందరికంటే ముందు తీశాను. కార్డు గోడ వైపు తిరిగి ఉంటే, ముఖం బయటికి కనబడేలా తిప్పాను. నేను చేసింది అంతే. ఆడిటరు ఒక నడివయసు ఆవిడ, హైదరాబాద్ నుంచి వచ్చింది. చేతిలో చిన్న టార్చి. షెడ్డులో నెమ్మదిగా నడుస్తూ, అట్టల కట్టలు చూస్తూ, సిలిండరు దగ్గర ఆగింది. కార్డు వేళ్లతో పైకెత్తింది.

"ఇప్పుడు ఏ నెల నడుస్తోందండీ?"

సూపర్‌వైజరు వంగి చూశాడు. "అది... మేడం, పాత సంవత్సరం కార్డు అయ్యుంటుంది."

"పైన సంవత్సరం వేసి ఉంది." టార్చి వెలుగు గుండ్రటి అద్దం మీద పడింది. "ఇది ఎవరైనా దించి చూశారా?"

పెద్దమ్మే అంది, "నేనొచ్చిన కాడికెంచి అది గక్కడనే ఉన్నది మేడం. మీదున్న దుమ్ము గూడ నిన్న నేనే తుడిసిన."

సాయంత్రానికి హెచ్.ఆర్. గదిలో అదే టేబుల్, అవే కుర్చీలు. సూపర్‌వైజరు నిలబడి ఉన్నాడు. పక్కనే పనిచేసేదాన్ని కాబట్టి నన్ను సాక్షిగా పిలిచి, కూర్చోమన్నారు. నేను కూర్చున్నాను. ఆయన చొక్కా చంకల కింద తడిసి ఉంది. కాగితం మీద ఆయన పేరు రాస్తుంటే కళ్లు ఆ పెన్ను వెంట పోతున్నాయి. వాటన్నింటినీ తీరిగ్గా, ఒక్కటీ వదలకుండా చూశాను. నా జీవితంలో అంత హాయిగా దేన్నీ చూడలేదు.

"మీరు ఈ కార్డు మొదటిసారి ఎప్పుడు చూసిన్రు?" అన్నాడు హెచ్.ఆర్. ఆఫీసరు.

"ఇయ్యాలనే సార్."

సూపర్‌వైజరు తల తిప్పాడు. ఆయనకు అర్థమైంది. "రోజూ సంచీ అక్కడే తగిలిస్తావు కదమ్మా. ఇన్నాళ్లూ చూడలేదా?"

"చూడలె సార్," అన్నాను, ఒక్కో అక్షరం విడివిడిగా.

నేను అబద్ధమాడుతున్నానని ఆ గదిలో ఆయనకొక్కడికే తెలుసు. నిరూపించడానికి ఆయన దగ్గర ఏమీ లేదు. అచ్చంగా నేను ఒకప్పుడు నిలబడ్డట్టే నిలబడ్డాడు.

ఆయన్ను గేటు దగ్గర లారీలు పంపే పనికి మార్చారు. పాత విచారణ కాగితాలు కూడా తిరిగి తీశారు. మళ్లీ చూపించాల్సిన బాధ్యత ఆయనదేనని తేల్చి, నా మెమో రద్దు చేశారు. డాక్టరు నా కళ్లు పరీక్షించాడు, రెండూ బాగున్నాయన్నాడు. సోమవారం నుంచి తనిఖీ గదికి రమ్మన్నారు. శనివారం సాయంత్రం పెద్దమ్మకు చెప్పడానికి షెడ్డుకు పోయాను. మిఠాయి డబ్బా పట్టుకుపోయాను.

"పెద్దమ్మా, ఎల్లుండి సంది లోపలికి పోతున్న."

"మంచిగైంది బిడ్డా." టేపు కోస్తూనే ఉంది. "ఒకటడుగుత. ఆ కార్డు సంగతి నీకెప్పటిసంది ఎరుక?"

ఆ గదిలో అంత సులువుగా వచ్చిన అబద్ధం ఇక్కడ రాలేదు.

"ఆడిట్‌కు పంతొమ్మిది దినాల ముంగట సంది."

"పొగొచ్చిన నాడు?"

"ఎరుకే."

పెద్దమ్మ కత్తెర పక్కన పెట్టింది. కాలిన కొంగును ఆమె కత్తిరించి మళ్లీ కుట్టుకుంది, ఆ కుట్టు నాకు కనబడుతోంది.

"నీ పగ నీది, కాదనలే. ఆ సారు గిట్లనే కావాల్నని నేను గూడ అనుకున్న. కాని నన్నెందుకు కలిపినవ్ అందుల? ఒక్క మాట నా చెవుల ఎయ్యకపోతివి. చెప్తె ఆ ఎర్ర డబ్బ నేనే భుజం మీద మోస్కపోయి ఆడిటరమ్మ టేబుల్ మీద పెడుతుంటి. గప్పటిదాంక నిండుగున్న ఇంకో డబ్బ దగ్గరన్న ఉంచుకుంటుంటి. ఇంటికాడ నాకు గూడ ఇద్దరు మనుమరాండ్లున్నరు."

"తప్పయింది పెద్దమ్మా."

"పో, నీ బస్సు పోతది."

మిఠాయి డబ్బాను అట్టల మీద పెట్టి వచ్చేశాను. సోమవారానికి కూడా అది విప్పకుండా అక్కడే ఉందని మిగతావాళ్లు చెప్పారు.

పొద్దున బస్సు గేటులోకి తిరిగేటప్పుడు సూపర్‌వైజరు ఎండలో నిలబడి లారీల నంబర్లు రాసుకుంటూ కనబడతాడు. నేను కిటికీ వైపే కూర్చుంటాను. ఆయన తల దించుకునేదాకా చూస్తాను. అందులో నాకు సిగ్గు లేదు. ఆయనకు ఇంకా ఎండ తగలాలనే ఉంటుంది. నేను ఇచ్చిన వాంగ్మూలం తప్పని ఎవరికీ చెప్పబోవడం లేదు, ఈ కుర్చీని మళ్లీ వదులుకోను. అయితే మధ్యాహ్నం అన్నం వేళ డబ్బా తీసుకుని షెడ్డు దాకా పోతాను. లోపల పెద్దమ్మ నాకు వీపు చూపించి కూర్చుని తింటుంటుంది. గడప దగ్గర కాసేపు నిలబడి, ఏమని పిలవాలో తోచక, వెనక్కి వచ్చి క్యాంటీన్‌లో ఒక్కదాన్నే తింటున్నాను.